గంజి, తవుడు, కుడితి: మన పప్పన్నం వెనక కథ



ఈ ఎపిసోడ్‌లో రాజుల కథ పెద్దగా లేదు, యుద్ధాలు అసలే లేవు. ఒక గంజి గిన్నె ఉంది, ఒక తవుడు బస్తా ఉంది, గేదెకి పెట్టే కుడితి తొట్టి ఉంది. వీటి చుట్టూ తిరిగే కథ ఇది. వంటింటి కథే కదా అని తేలిగ్గా తీసుకోకండి, ఇందులో ప్రాణాలు పోయాయి. పసిపిల్లల ప్రాణాలు కూడా.

ఇంటిల్లిపాదికీ మాంసం లేకుండా ఆరోగ్యంగా ఎలా వండిపెట్టాలి అన్న మాట వచ్చినప్పుడల్లా ఒక జవాబు తయారుగా ఉంటుంది: "పెద్దలు తిన్నట్టు తింటే చాలండీ." వినడానికి బావుంటుంది. కానీ చరిత్ర చదువుకున్నవాడికి వెంటనే ఇంకో ప్రశ్న వస్తుంది. ఏ పెద్దలు? ఏ ఊళ్ళో? ఏ కాలంలో? పదిహేనో శతాబ్దపు పల్నాడులోనా, 1930ల నాటి కాకినాడలోనా? ఎందుకంటే ఆ రెండు కంచాలూ పక్కపక్కన పెడితే, ఇద్దరూ తెలుగువాళ్ళేనా అని అనుమానం వస్తుంది.

శ్రీనాథుడి పేరు మీద చాటువులు చెప్పుకుంటారు కదా, అందులో ఆయనకి పల్నాడు మీద ఉన్న విసుగంతా జొన్నకూడు మీద విసుగే. సన్నబియ్యం అలవాటైన కవిగారికి అక్కడ ఎక్కడ చూసినా జొన్నలే కనిపించాయి. ఆయన విసుగు సంగతి అలా ఉంచండి. చరిత్రకి అది సాక్ష్యం. నీళ్ళున్న చోట వరి, లేని చోట జొన్న, కొర్ర, సజ్జ, రాగి. తెలుగు దేశంలో ఎక్కువ భాగం నీళ్ళు లేని చోటే. "మనది వరన్నం సంస్కృతి" అనే మాట చాలా కొత్తది.

ఇంకో వంద సంవత్సరాలు ముందుకి రండి. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు అతిథులకి ఏ కాలంలో ఏం వడ్డించాడో చెప్తాడు. వానాకాలంలో అన్నం, పప్పు, నాలుగైదు తాలింపు కూరలు, వడియాలు, వరుగులు, నెయ్యి, పెరుగు. ఎండాకాలం వస్తే మెనూ మొత్తం మారిపోతుంది. పలచటి చారు, పలచటి మజ్జిగ, చెరుకు రసం, పళ్ళు. చలికాలంలో మిరియాల ఘాటు, ఆవపెట్టిన కూరలు. ఒక చక్రవర్తి కూర్చుని వడియాల గురించి రాయడం నాకు భలే ఇష్టం. వరుగులంటే ఎండబెట్టిన కూరగాయ ముక్కలు. వానల్లో కూరలు దొరకవు కాబట్టి ఎండల్లోనే తయారు చేసి పెట్టుకునేవాళ్ళు.

ఆ విస్తట్లో లేనివి కూడా గమనించండి. మిరపకాయ లేదు. అది అమెరికా ఖండం నుంచి పోర్చుగీసువాళ్ళతో వచ్చింది. కొత్తగా వచ్చిన కాయకి పాత మిరియం పేరునే కాస్త మార్చి తగిలించాం. టమాటా లేదు. అది వచ్చాక కూడా చాలాకాలం దాన్ని రామములక్కాయ అన్నారు. బంగాళాదుంప లేదు, దాని పేరులోనే దాని ఊరు ఉంది. వేరుశనగ కూడా దక్షిణ అమెరికాదే. అంటే గుంటూరు కారం, పల్లీల పచ్చడి, టమాటా పప్పు... ఇవేవీ రాయలవారికి తెలియవు. ఇది చెప్పి ఎవర్నీ ఏడిపించాలని కాదు. మన వంటిల్లు ఎప్పుడూ కదులుతూనే ఉంది అని చెప్పడానికి.

ఇంకో చిన్న మాట చెప్పి అసలు కథలోకి వెళ్తాను. తెలుగువాళ్ళలో శాకాహారులు చాలా తక్కువ. 2014 నాటి ప్రభుత్వ సర్వే ప్రకారం రెండు రాష్ట్రాల్లోనూ సుమారు 98 శాతం మంది మాంసాహారులే. కానీ మాంసాహారి ఇంట్లో కూడా మాంసం వండేది ఎప్పుడు? ఒకప్పుడు పండక్కో, చుట్టం వస్తేనో, ఆదివారమో. మిగతా రోజులన్నీ ఆకుకూర, పచ్చడి, పులుసు, మజ్జిగ. కాబట్టి కూరగాయల భోజనం చరిత్ర ఏదో ఒకటి రెండు కులాల చరిత్ర కాదు, దాదాపు అన్ని ఇళ్ళ చరిత్ర.

అందులో పప్పు కూడా రోజూ ఉండేది కాదు. దానికి సాక్ష్యం మన భాషలోనే ఉంది. పెళ్ళీడుకొచ్చిన అబ్బాయిని "పప్పన్నం ఎప్పుడు పెడతావురా?" అని అడుగుతాం. పప్పు, అన్నం కలిపి తినడం పెళ్ళినాటి సంగతి అయితేనే కదా ఆ మాట పుట్టేది! రోజూ కుక్కర్‌లో పప్పు పడేసే ఇంట్లో ఆ మాట పుట్టదు.

సరే. పెళ్ళి భోజనం రోజువారీ భోజనం ఎలా అయ్యింది? అయ్యాక ఏం జరిగింది?

1832-33లో గుంటూరు ప్రాంతంలో ఘోరమైన కరువు వచ్చింది. జనం దాన్ని డొక్కల కరువు అన్నారు. ఆ పేరు చాలు, వర్ణన అక్కర్లేదు. గోదావరి జిల్లాలూ ఆ కాలంలో కరువులతో, తుపానులతో చితికిపోయి ఉన్నాయి. ఆ పరిస్థితుల్లోంచి కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట వచ్చింది, 1852లో పూర్తయ్యింది. 1855కి బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట వచ్చింది. రెండు డెల్టాలూ వరి మాగాణులయ్యాయి. ఆ నీళ్ళతో ఆకలి తగ్గింది, అందులో అనుమానం లేదు. గోదావరి జిల్లాల్లో కాటన్ విగ్రహాలకి ఇవాళ్టికీ దండలు పడుతున్నాయంటే ఊరికే కాదు.

ఆ తర్వాత, ఇరవయ్యో శతాబ్దం మొదటి భాగంలో, బియ్యం మిల్లులు వచ్చాయి. అంతకుముందు బియ్యం అంటే దంపుడు బియ్యం. రోలు, రోకలి, ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు, చెమట. ఎంత దంచినా గింజ మీద పొర కొంత మిగిలేది. మరలో పట్టిన బియ్యం తెల్లగా, మల్లెపువ్వుల్లా వచ్చింది. పురుగు పట్టదు, త్వరగా ఉడుకుతుంది, చూడముచ్చటగా ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యం, ఆడవాళ్ళకి దంపుడు తప్పింది. ఇవాళ మిల్లుని తిట్టి రోకలిని పొగిడే మగవాళ్ళని చూస్తే నాకు కాస్త చిరాకు. రోజూ దంచాల్సింది వాళ్ళు కాదుగా.

కానీ మర పక్కన ఒక గుట్ట మిగిలింది. తవుడు గుట్ట. అది గేదెకి వెళ్ళింది. ఇంటికొచ్చిన బియ్యాన్ని ఇల్లాలు మూడు నాలుగు నీళ్ళు పోసి కడిగింది. ఆ కడుగు కుడితి తొట్టిలోకి వెళ్ళింది, అదీ గేదెకే. తర్వాత ఎసరు నిండా పోసి అన్నం వండి గంజి వార్చింది. ఆ గంజి కొన్ని ఇళ్ళల్లో ఉప్పేసుకుని తాగారు, కొన్ని ఇళ్ళల్లో పంచెలకి పెట్టారు, చాలా ఇళ్ళల్లో మళ్ళీ కుడితిలోకే. ఒక్కసారి లెక్క వెయ్యండి. వడ్లగింజలో ఉన్న మంచి అంతా మూడు మెట్లు దిగి గేదె కడుపులోకి పోయింది. కంచంలోకి వచ్చింది పిండి పదార్థం. గేదె ఉన్న ఇంటికి అందులో కొంత పాలుగా, మజ్జిగగా తిరిగొచ్చింది. గేదె లేని ఇంటికి అదీ లేదు.

దీని ఫలితం పేరు బెరిబెరి. కాళ్ళు తిమ్మిరెక్కుతాయి, బలం పోతుంది, నడక తడబడుతుంది. ఇంకో రకంలో ఒళ్ళు నీరు పట్టి, గుండె పెద్దదై, ఉన్నట్టుండి ప్రాణం పోతుంది. భారతదేశంలో ఈ జబ్బుకి పేరుమోసిన చోటు ఏది అనుకుంటున్నారు? మన ఉత్తర సర్కారులు. అంటే కోస్తా జిల్లాలు. కరువు సీమ కాదు, అన్నపూర్ణ అని పిలుచుకునే నేల. వైద్య గ్రంథాల్లో మన సర్కారు జిల్లాల పేరు ఎక్కింది ఈ జబ్బు వల్ల!

ఈ చిక్కుముడి మొదట విప్పింది ఇక్కడ కాదు, జావాలో. అక్కడ డచ్చివాళ్ళ సైనిక ఆసుపత్రిలో 1890ల్లో క్రిస్టియాన్ ఐక్మన్ అనే డాక్టర్ కోళ్ళ మీద ప్రయోగాలు చేస్తున్నాడు. కోళ్ళకి బెరిబెరిలాంటి జబ్బే వచ్చింది, కాళ్ళు పడిపోయాయి. కొన్నాళ్ళకి వాటంతట అవే లేచి తిరిగాయి. సూక్ష్మజీవి కోసం వెతుకుతున్న డాక్టరుగారికి ఏం అర్థం కాలేదు. ఆరా తీస్తే తేలింది ఏమిటంటే, మొదట్లో కోళ్ళకి ఆసుపత్రి వంటింట్లో మిగిలిన తెల్లన్నం వేసేవాళ్ళు. మధ్యలో కొత్త వంటవాడు వచ్చాడు. సైనికుల తెల్లబియ్యం ఎవరివో కోళ్ళకెందుకు పెట్టాలి అని ఒప్పుకోలేదు. దాంతో వాటికి పాలిష్ లేని ముతక బియ్యం వెయ్యాల్సి వచ్చింది. అంతే, కోళ్ళు బతికాయి. ఐక్మన్ మొదట తెల్లబియ్యంలో ఏదో విషం ఉందనుకున్నాడు. విషం ఉండటం కాదు, ఉండాల్సింది లేకపోవడం అని చెప్పింది ఆయన తర్వాత పని చేసిన గ్రైన్స్, 1901లో. 1912లో కాసిమిర్ ఫంక్ దీనికి విటమిన్ అని పేరు పెట్టాడు. 1926లో మళ్ళీ జావాలోనే బి1ని స్ఫటికాలుగా వేరుచేశారు. దేన్నుంచి? తవుడు నుంచి! 1929లో ఐక్మన్‌కి నోబెల్ బహుమతిలో సగం వచ్చింది. వంటవాడికేం రాలేదు.

మన దగ్గర ఈ పని నీలగిరుల్లో జరిగింది. 1918లో రాబర్ట్ మెకారిసన్ అనే సైనిక వైద్యుడు కూనూరు పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒక గదిలో చిన్న విభాగం మొదలుపెట్టాడు. దాని పేరే బెరిబెరి విచారణ విభాగం. అది పెరిగి పెరిగి పోషకాహార పరిశోధనశాల అయ్యింది. 1958లో కూనూరు నుంచి హైదరాబాద్ వచ్చింది. ఇవాళ తార్నాక వైపు వెళ్తే కనిపించే జాతీయ పోషకాహార సంస్థ, అదే ఎన్‌ఐఎన్, దాని పుట్టుక ఇదీ. ఏ జబ్బు కోసం అది పుట్టిందో, ఆ జబ్బున్న తెలుగునేలకే చివరికి వచ్చి చేరింది.

1935 నుంచి పదేళ్ళు కూనూరు సంస్థకి డబ్ల్యూ. ఆర్. ఐక్రాయిడ్ డైరెక్టర్. ఆయన 1937లో హెల్త్ బులెటిన్ నంబర్ 23 అని ఒక చిన్న పుస్తకం వేశాడు. మన దేశంలో తినే పదార్థాల్లో ఏమేం ఉన్నాయో పట్టికలు. గోపాలన్, రామశాస్త్రి, బాలసుబ్రమణ్యన్ కలిసి దాన్ని పెంచి 1971లో కొత్త పుస్తకంగా తెచ్చారు. ఇవాళ డైటీషియన్లు చెప్పే లెక్కలకి వంశవృక్షం వేస్తే మూలపురుషుడు ఆ బులెటినే.

ఆ పట్టికల్లో ఒక చిన్న లెక్క చెప్తాను. వంద గ్రాముల దంపుడు బియ్యంలో విటమిన్ బి1 0.21 మిల్లీగ్రాములు. మరలో పట్టిన పచ్చి బియ్యంలో 0.06. మూడో వంతు కూడా లేదు. అదే మరలో పట్టిన ఉప్పుడు బియ్యంలో? మళ్ళీ 0.21. చూశారా తమాషా! వడ్లని నానబెట్టి, ఉడికించి, ఎండబెట్టి అప్పుడు మర పడితే, పొరలో ఉన్న బి1 ముందే గింజ లోపలికి ఇంకుతుంది. మర దాన్ని గీకెయ్యలేదు. అదే మద్రాసు ప్రెసిడెన్సీలో దక్షిణాదిన ఉప్పుడు బియ్యం తినే ప్రాంతాల్లో బెరిబెరి అంతగా లేకపోవడానికి ఇదే కారణం. వాళ్ళూ అన్నం తినేవాళ్ళే, మిల్లు వాళ్ళకీ ఉంది. తేడా అంతా వడ్లు ఉడకబెట్టడంలో. మన సర్కారు జిల్లాల వాళ్ళకి ఉప్పుడు బియ్యం అన్నం నోటికి ఎక్కదు. ఆ రుచికి, ఆ తెలుపుకి మనం కట్టిన ధర అది.

ధర ఎవరు కట్టారు అన్నది కూడా చెప్పాలి. చాలా ఇళ్ళల్లో మగవాళ్ళు ముందు, పిల్లలు తర్వాత, ఇంటి ఆడవాళ్ళు ఆఖర్న. ఆఖరి పంక్తికి అన్నం ఉంటుంది, పప్పు గిన్నె అడుగంటుతుంది, కూర అంచుకి ఉంటుంది. బాలింత అయితే దాని మీద పథ్యం. ఇది తినకూడదు, అది తినకూడదు అని పప్పు, ఆకుకూరలు, పళ్ళు ఆపేసి అన్నంలో కారప్పొడి, నెయ్యి వేసి సరిపెట్టిన ఇళ్ళు ఎన్నో. తల్లి ఒంట్లో బి1 లేకపోతే పాలల్లోనూ ఉండదు. అలాంటి పాలు తాగిన రెండు మూడు నెలల బిడ్డ అప్పటిదాకా బొద్దుగా కనిపించి, ఒక్కసారి గొంతు పోయి, గుండె ఆగి, గంటల్లో చనిపోవచ్చు. వైద్యంలో దీన్ని పసిపిల్లల బెరిబెరి అంటారు. ఇళ్ళల్లో దీనికి దిష్టి అనో, గాలి అనో ఏదో పేరు పెట్టి ఉంటారు. నన్నడిగితే తెలుగువాళ్ళ వంట చరిత్రలో ముందు రాయాల్సింది ఈ ఆఖరి పంక్తి గురించి. పెళ్ళి విందుల గురించి తర్వాత రాసుకోవచ్చు.

గాంధీగారు 1934లో అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం పెట్టినప్పుడు దంపుడు బియ్యాన్ని ఒక ఉద్యమంలా చెప్పారు. మిల్లు ముందు అది పెద్దగా నిలవలేదు. బెరిబెరిని వెనక్కి నెట్టినవాటిలో మందులు, నానారకాల తిండి దొరకడంతో పాటు ఒక వంటింటి మార్పు కూడా ఉందని నేననుకుంటాను. అదేంటంటే కుక్కర్. 1950ల చివర్లో ప్రెషర్ కుక్కర్లు మన దేశంలోనే తయారవడం మొదలై, నెమ్మదిగా ఇంటింటికీ వచ్చాయి. కుక్కర్ అన్నానికి గంజి వార్చే పని లేదు. నిజానికి అది మనకి కొత్తేం కాదు, అత్తెసరు అనే పాత పద్ధతే. కొలిచి నీళ్ళు పోసి, ఆ నీళ్ళు అన్నంలోనే ఇంకేలా వండటం. బొటాబొటీ పాసైన పిల్లాణ్ణి అత్తెసరు మార్కులు అని వెక్కిరిస్తాం గానీ, వంటలో అత్తెసరుకే ఫస్ట్ క్లాసు ఇవ్వాలి.

గంజి మొత్తం వృథా అయ్యేదనీ అనను. తరవాణి అని ఉండేది గుర్తుందా? కుండలో గంజి, కాస్త అన్నం, ఉప్పు, పులియబెట్టి పొద్దున్నే పిల్లలకి చద్దన్నంతో పెట్టేవాళ్ళు. దాన్ని పేదవాళ్ళ తిండి అని, పాతకాలం తిండి అని వదిలేసుకున్నాం, కాఫీ, ఇడ్లీ వచ్చాక.

ఇప్పటిదాకా విని, "అయితే తెల్లన్నం మానేసి జొన్నరొట్టె తింటే గొడవ వదిలిపోతుంది" అనుకుంటున్నారేమో. ఆగండి. దక్కన్ పీఠభూమి మీద ఇంకో కథ ఉంది. జొన్న రొట్టె, జొన్న గటక, అంబలి ప్రధానంగా బతికిన తెలంగాణ పేద కుటుంబాల్లో పెల్లాగ్రా ఉండేది. ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పొలుసులు లేస్తుంది, మెడ చుట్టూ దండ వేసినట్టు మచ్చ కడుతుంది, విరేచనాలు, ముదిరితే మతి చెదరడం. మొక్కజొన్న మీదే బతికేవాళ్ళలో ఈ జబ్బు వస్తుందని ఇటలీలో, అమెరికాలో ముందే తెలుసు. జొన్నతో ఎందుకు వస్తోంది? 1960లో గోపాలన్, శ్రీకాంతియా హైదరాబాద్ నుంచి ఒక వివరణ ఇచ్చారు. జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ, అది శరీరంలో నియాసిన్ పనికి అడ్డం పడుతోంది అని. దాని మీద తర్వాత వాదాలు నడిచాయి, అవి మనకి అక్కర్లేదు. మనకి కావాల్సింది ఒకటే: ఆ పేదవాడి తప్పు జొన్న తినడం కాదు, జొన్న తప్ప ఇంకేమీ లేకపోవడం. అదే జొన్నరొట్టెతో పప్పు, ఆకుకూర, మజ్జిగ తిన్న ఇంట్లో పెల్లాగ్రా లేదు. 2023ని ఐక్యరాజ్య సమితి చిరుధాన్యాల సంవత్సరం అని ప్రకటించింది, అప్పట్నుంచీ కొర్రలు, అరికెలు సంజీవనిలా అమ్ముతున్నారు. మంచి గింజలే, నేనూ తింటాను. కానీ ఒక గింజని దేవుణ్ణి చేసినప్పుడల్లా మనం దెబ్బతిన్నాం. ఒకసారి తెల్లబియ్యంతో, ఒకసారి జొన్నతో.

ఆకుకూరల దగ్గరికి వద్దాం. దీన్లో మన భీమవరం మనిషి ఉన్నాడు. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లండు డాక్టరమ్మ బొంబాయి వచ్చింది. అక్కడ బట్టల మిల్లుల్లో పని చేసే పేద గర్భిణులకి విపరీతమైన రక్తహీనత, దాంతో చనిపోతున్నారు. ఆవిడ సూక్ష్మజీవుల్ని వదిలేసి తిండి వైపు చూసింది. మధ్యలో కొంతకాలం కూనూరులోనూ పని చేసింది. చివరికి చవకగా దొరికే ఈస్ట్ ముద్ద తినిపిస్తే వాళ్ళు కోలుకున్నారు. అందులో ఏదో ఉంది. ఏమిటో తెలీదు. 1941లో అమెరికాలోని టెక్సాస్‌లో టన్నుల కొద్దీ పాలకూర నుంచి ఒక పదార్థం తీసి, లాటిన్‌లో ఆకు అనే మాట మీద ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. దాన్ని ప్రయోగశాలలో తయారు చేసింది లెడర్లీ సంస్థలో యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం, 1945లో. భీమవరంలో 1895లో పుట్టిన మనిషి. స్ప్రూ అనే జబ్బుతో అన్నదమ్ములు పోయారు, తనూ దాని బారిన పడి బతికి బయటపడ్డాడు. ఆ స్ప్రూ రోగుల రక్తహీనతకి ఫోలిక్ ఆమ్లం మందుగా పనికొచ్చింది. ఇవాళ ప్రతి గర్భిణికీ ఇచ్చే మాత్ర అది. ఆకు పేరు పెట్టుకున్న మాత్ర. పెరట్లో తోటకూర, గోంగూర, మునగాకు ఉండి కూడా ఆఖరి పంక్తికి అందని ఆకు.

1960ల తర్వాత కథ వేగంగా నడిచింది. ఐఆర్-8 వరి వచ్చింది, 1967లో పశ్చిమ గోదావరి ఆచంటలో నెక్కంటి సుబ్బారావు గారు పండించి చూపించారు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం. మెట్ట ప్రాంతాల్లో పండక్కి మాత్రమే వండే వరన్నం రోజూ దొరికింది. దాన్ని చిన్నచూపు చూడటం నాకు నచ్చదు, ఆకలి తెలిసినవాళ్ళకి ఆ బియ్యం విలువ తెలుసు. 1986లో బాపట్ల నుంచి సాంబ మసూరి వచ్చింది, సన్నన్నం అందరి మోజు అయ్యింది. అన్నం గుట్ట పెరిగింది. పక్కన పప్పు, ఆకు, మజ్జిగ అదే లెక్కన పెరగలేదు. ఎన్‌ఐఎన్ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో రోజువారీ శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం దాటొద్దంది. మన కంచం చూస్తే ఆ గీత ఎప్పుడో దాటేశాం.

మరి ఇంట్లో ఏం చెయ్యాలి? ఈ చరిత్ర చదివాక నేను వంటింట్లో పట్టుకున్నవి కొన్ని చెప్తాను, ఇవి వంటకాలు కావు. బియ్యం తెల్లటి నీళ్ళు పోయేదాకా రుద్ది రుద్ది కడగను, రెండు నీళ్ళు చాలు. అత్తెసరే, వార్చడం లేదు. వారంలో కొన్ని రోజులు ముడిబియ్యమో, కొర్రలో, రాగి సంకటో. పిల్లలు మొహం చిట్లిస్తే సగం తెల్లబియ్యం కలుపుతాను, అందులో నామోషీ లేదు. పప్పు రోజూ ఉండాలి, ఒక్క పిల్లవాడి పేచీకోసం ఆగిపోకూడదు. బియ్యంలో తక్కువైన లైసిన్ పప్పులో ఉంది, పప్పులో తక్కువైన మెథియోనిన్ బియ్యంలో ఉంది. మన పెళ్ళి పప్పన్నం శాస్త్రానికి ముందే ఆ జోడీ కుదిర్చింది. పప్పులో ఆకు పడాలి: పాలకూర, గోంగూర, చుక్కకూర, తోటకూర, ఏది చవకైతే అది. మీద నిమ్మకాయ పిండితే ఆకులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. భోజనం అయిన వెంటనే టీ తాగితే ఆ ఇనుమే ఒంటికి పట్టకుండా పోతుంది. పొద్దున్న ఒక గుప్పెడు పల్లీలో, నువ్వుల పొడో.

ఒక్క విషయంలో మాత్రం సర్దుబాటు లేదు. బి12. ఇది ఏ ఆకులోనూ, ఏ పప్పులోనూ, ఏ చిరుధాన్యంలోనూ నమ్ముకునేంత లేదు. మాంసం, గుడ్డు తినని ఇంట్లో దాని దారి పాలు, పెరుగు, మజ్జిగే. రాయలవారి విస్తట్లో ఆఖర్న పెరుగు ఉందంటే నాకు అందుకే ముచ్చట. పాలు కూడా మానేసినవాళ్ళు, పెద్దవయసులో అరచేతులు, అరికాళ్ళు తిమ్మిర్లుగా ఉంటున్నవాళ్ళు డాక్టర్ని అడిగి రక్తపరీక్ష చేయించుకోండి, అవసరమైతే మాత్ర వేసుకోండి. "మా తాతగారు వేసుకున్నారా?" అని అడగొద్దు. తాతగారి ఇంట్లో రెండు గేదెలుండేవి.

ఇక వడ్డన. పప్పు గిన్నెలోంచి ఆఖర్న తినేవాళ్ళ వాటా ముందే తీసి పక్కన పెట్టడం, లేకపోతే అందరూ ఒకేసారి కూర్చోవడం. దీనికి ఖర్చేం లేదు.

ఈ కథ ఇంకా నడుస్తోంది. 2021 ఆగస్టు 15న ప్రధాని రేషన్ బియ్యంలో పోషకాలు కలిపి ఇస్తామని ప్రకటించారు. ఆ తర్వాత ఆ బియ్యంలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపిన గింజలు వచ్చాయి. మామూలు గింజల మధ్య కాస్త వేరే రంగులో కనిపిస్తే "ప్లాస్టిక్ బియ్యం" అని ఏరి పారేశారు కొందరు. పారెయ్యాల్సినవి కావు. బియ్యప్పిండిలో ఆ పోషకాలు కలిపి గింజ ఆకారంలో చేసినవి అవి. మరలో తవుడు తీసేసి గేదెకి పెట్టి, మళ్ళీ ఫ్యాక్టరీలో మందు గింజలు చేసి అదే బియ్యంలో కలిపే దాకా వచ్చాం. అది కూడా గంజి వార్చి వండితే ఎంత మిగులుతుందో మీరే ఊహించుకోండి.

వచ్చే ఎపిసోడ్ ఊరగాయల మీద. మిరపకాయ రాకముందు ఆవకాయ ఎలా ఉండేదో అక్కడ మాట్లాడుకుందాం. ఉంటాను.